ఆరియా ఎవరిది?

సైటులో అడుగుపెట్టిన మొదటి రోజున మీకు హెల్మెట్ ఇస్తారు, నడుముకు బెల్టు ఇస్తారు, అందినట్టు సంతకం పెట్టించుకుంటారు. నా కాలంలో వీటన్నిటికంటే ముందు రెండు మాటలు ఇచ్చేవారు. బరువును పైకి ఎత్తమనడానికి హబీస్, కిందికి దింపమనడానికి ఆరియా. ఇవి తెలుగు మాటలు కావు, హిందీ మాటలూ కావు. ఓడల మీద పనిచేసే ఖలాసీలు ఏ రేవులోనో ఎక్కించుకుని విశాఖపట్నం పోర్టులో దింపిన సరుకు అవి. అక్కడి నుంచి లారీలెక్కి, గాజువాక మీదుగా, ఫ్యాక్టరీ కట్టే ప్రతి చోటికీ చేరాయి.

ఆ రెండో మాట గురించి ఒకప్పుడు జిల్లా కోర్టులో వ్యాజ్యం నడిచింది. ఆ మాట ఎవరిది అనేదే అందులో ప్రశ్న. ఒక పక్షానికి సాంకేతిక వివరాలు సమకూర్చినవాణ్ణి నేను. మీలో కొందరు భద్రతా విభాగంలో చేరబోతున్నారు కనుక, ఏ నియమావళిలోనూ కనిపించని ఈ సంగతి మీకు చెప్పి తీరాలనిపించింది.

ఎనభైల మధ్యకాలంలో నేను ఉక్కు కట్టడాలు నిలబెట్టే ఒక ప్రైవేటు కంపెనీలో భద్రతా ఇంజనీరుగా ఉండేవాణ్ణి. ఆ కంపెనీ ఇప్పుడు లేదు. గాజువాక అవతల కడుతున్న ఒక ఫ్యాక్టరీ షెడ్లకు స్తంభాలు నిలబెట్టి, వాటి మధ్య దూలాలు బిగించడం మా పని. పెద్ద క్రేను చేరలేని చోట వించ్‌తో లాగేవాళ్ళం. వించ్ అంటే మోటారుతో తిరిగే ఇనుప డ్రమ్ము. దానికి చుట్టిన ఇనుప తాడు కప్పీల మీదుగా స్తంభం కొస దాకా వెళ్ళి, అక్కడి నుంచి దిగి బరువును పట్టుకుంటుంది. వించ్ నడిపేవాడికి బరువు కనపడదు. అతనికి కనిపించేది తాడు, వినిపించేది మాట. బరువు కనపడే చోట నిలబడి సంజ్ఞ ఇచ్చేవాడు ఒకడుంటాడు. గాలి ఎక్కువగా ఉన్న రోజుల్లో ఆ మాటను మధ్యలో అందుకుని వించ్ దాకా చేరవేయడానికి ఇంకొకణ్ణి పెట్టేవాళ్ళం. విన్నదాన్ని విన్నట్టుగా, ఆలస్యం లేకుండా అరవడమే ఆ రెండోవాడి ఉద్యోగం. అతడు ఆలోచిస్తే ఆలస్యమవుతుంది. కనుక ఆలోచించవద్దని మేమే నేర్పేవాళ్ళం.

మా మేస్త్రీ విజయనగరం వైపు వ్యవసాయ కుటుంబంలో పుట్టి, చాలాకాలం పోర్టులో ఖలాసీగా చేసి మా దగ్గరకు వచ్చినవాడు. పని వేళల్లో చుట్ట కాల్చడం నిషేధం కాబట్టి, వెలిగించని చుట్టను పొద్దంతా చెవి వెనక పెట్టుకుని తిరిగేవాడు. అతని ముఠాలో ఎక్కువమంది చుట్టుపక్కల పల్లెల నుంచి వచ్చిన రైతు బిడ్డలు. తాటిచెట్టు ఎక్కడంలో వాళ్ళకు భయం లేదు. ఉక్కు స్తంభం ఎక్కితే మాత్రం, సగం దూరం పోయాక కొందరు బిగుసుకుపోయేవారు. పైకి పోలేరు, కిందికి రాలేరు. కారణమేమిటని ఒకసారి మేస్త్రీని అడిగాను.

“తాటిసెట్టు మనిసిని పట్టుకుంతాది బాబూ,” అన్నాడు. “ఇనుము పట్టుకోదు. మనవే దాన్ని పట్టుకోవాల. ఆ తేడా సేతులకి తెలిసిపోద్ది.”

అలా బిగుసుకుపోయినవాడి దగ్గరకు మేస్త్రీ తానే ఎక్కి వెళ్ళేవాడు. అతని చెవి దగ్గర నోరు పెట్టి, మూడో మనిషికి వినపడకుండా చెప్పేవాడు. ఏం చెప్పేవాడో చాలాకాలం నాకు తెలియదు. ఒకనాడు నిచ్చెన సరిచూడటానికి నేనూ పైకెక్కి ఉన్నప్పుడు విన్నాను.

“నీ గుండె పైకెల్లిపోయి గొంతుకలో కూకుంది. దాన్ని దింపాల. స్తంభాన్ని వాటేసుకో. కల్లు ముయ్యకు. ఊపిరి మెల్లగ ఒదులు, తాడు ఒదిలినట్టు. మనసులో ఆరియా అనుకో. గుండె నేలకి తగిలిందాకా అలగే అనుకో.”

అంతే. అతను కనిపెట్టిన పద్ధతికి అంతకుమించి వివరణ లేదు. పోర్టులో తెరచాప ఓడల రోజులు చూసిన ఒక ముసలి ఖలాసీ తనకు నేర్పాడని ఒకసారి, తనకే తోచిందని ఇంకోసారి చెప్పేవాడు. అది పనిచేసేదన్నది మాత్రం నిజం. మనిషి చేతివేళ్ళలోకి రక్తం తిరిగి రావడం నేను కళ్ళారా చూశాను. ముఠాలో దానికి ‘ఆరియా వేసుకోవడం’ అని పేరు పడింది. క్యాంటీనులో అదొక హాస్యం కూడా.

“మా అత్త నోరిప్పిందంటే నాను ఆరియా ఏసుకుంతన్నాను బావా.”

“మరి నువ్వు నోరిప్పితే మీ అత్త ఏటేసుకుంతాది? హబీసా?”

అక్కడ అందరూ అందరికీ బావలే. ఎవరి పిలుపు వరసో, ఎవరిది అలవాటో బయటివాడికి తెలిసేది కాదు. నేను గోదావరి జిల్లా నుంచి వచ్చినవాణ్ణి. ఆ పిలుపును నేనెప్పుడూ పట్టించుకోలేదు.

ఇంతలో మా సిబ్బంది విభాగం వారు కార్మికులలో ధైర్యం పెంచడానికని ద్వారకా నగర్ నుంచి ఒక మాస్టారిని పిలిపించారు. కాలేజీలో మనస్తత్వశాస్త్రం చెప్పి, ఉద్యోగం మాని, బస్సు కాంప్లెక్సు దగ్గర ఒక మేడ మీద వ్యక్తిత్వ శిక్షణ తరగతులు నడిపే మనిషి. ఆయనను మోసగాడిగా ఊహించుకోకండి. మేస్త్రీని కూర్చోబెట్టి, చెప్పినదంతా విని, మా సైటు రేకుల షెడ్డులోనే తానూ చేసి చూశాడు.  లేచాక నాతో, “ఇన్నేళ్ళూ పుస్తకాలు తిరగేసి నేను చెప్పలేకపోయిన దానికి ఈయన దగ్గర ఒక్క మాట ఉందండీ,” అన్నాడు.

ఆ మాట ఆయనతో పాటు ద్వారకా నగర్ వెళ్ళింది. ఏడాది తిరగకుండానే ‘ఆరియా పద్ధతి’ పేరుతో క్యాసెట్లు వచ్చాయి, చిన్న పుస్తకం వచ్చింది. పరీక్షలకు భయపడే విద్యార్థులు, నిద్ర పట్టని గుమస్తాలు ఆ మెట్లెక్కి వెళ్ళి నేర్చుకున్నారు. ఆ తరువాత ఆయన లాయరు నుంచి మా కంపెనీకి నోటీసు వచ్చింది. ఆ పేరును ట్రేడ్‌మార్క్‌గా నమోదు చేయించుకోవడానికి తాము దరఖాస్తు పెట్టామనీ, తమ అనుమతి లేకుండా కంపెనీ శిక్షణలో ఆ పేరు వాడరాదనీ దాని సారాంశం.

రాజీ కుదురుతుందేమోనని నేనొక్కణ్ణే వెళ్ళి ఆయనను కలిశాను.

“పేరు మీద నాకు వ్యామోహం లేదండీ,” అన్నాడాయన. “రేపు ఎవరు పడితే వాళ్ళు ఆరియా అని బోర్డు పెట్టుకుని నేర్పుతారు. గుండెజబ్బు ఉన్నవాడికి నేర్పుతారు. పిచ్చిపట్టినవాడికి నేర్పుతారు. ఏదైనా జరిగితే ఎవరు బాధ్యులు? పేరుకు ఒక యజమాని ఉంటే, దానికొక కాపలా ఉంటుంది.”

“మేస్త్రీ సంగతి?”

“ఆయన పేరు పుస్తకం మొదటి పేజీలో వేస్తానన్నాను. వద్దన్నాడు.”

అది నిజమే. మేస్త్రీని అడిగితే, “నా పేరెందుకు బాబూ, ఆ బుక్కు నాను సదవగలనా ఏటి?” అని నవ్వేశాడు.

కోర్టు వ్యవహారాలు చూసే మా కంపెనీ న్యాయాధికారి కృష్ణా జిల్లా మనిషి. చట్టాన్ని నేను లెక్కలు చేసినట్టు చేసేవాడు, ఏ మెట్టూ వదలకుండా. ఆయన వివరించినది ఇప్పటికీ నాకు మరపు రాలేదు. ఊపిరి వదిలే పద్ధతికి పేటెంట్ ఉండదు. పుస్తకంలోని వాక్యాలకు కాపీరైటు ఉంటుంది కానీ, ఆ వాక్యాలు చెప్పే పనికి ఉండదు. అప్పటి చట్టం ప్రకారం ట్రేడ్‌మార్క్ వస్తువులకే. క్యాసెట్టు వస్తువు, బోధన వస్తువు కాదు. బోధించే సేవకు మార్కు నమోదు చేసుకునే వీలు చాలా ఏళ్ళ తరువాత వచ్చింది. ఇక మిగిలేది వాడకం. ఎవరు ముందు నుంచి, నలుగురికీ తెలిసేలా వాడుతున్నారో వారి వైపు కోర్టు మొగ్గుతుంది.

“మన మేస్త్రీ ఆయనకంటే ముందునుంచీ వాడుతున్నాడు కదండీ,” అన్నాను.

“ఎలా వాడుతున్నాడు? చెవిలో చెబుతున్నాడు. అవతలివాడు మనసులో అనుకుంటున్నాడు.” న్యాయాధికారి కళ్ళజోడు తీసి తుడుచుకున్నాడు. “మనసులో అనుకున్న పేరుకు చట్టంలో విలువ లేదండీ. పేరన్నది బయటికి వినపడాలి.”

ఈ వ్యవహారమంతా ఆ ఒక్క వాక్యం మీద తిరిగింది. అప్పుడు అది నాకు కేవలం తెలివైన మాటగా తోచింది.

రాజీ కుదరక వ్యవహారం కోర్టుకు వెళ్ళింది, మా వాడకాన్ని అక్కడ చూపించడానికి పేరు వినపడటం మొదలైంది. శిక్షణ షెడ్డు మీద ‘ఆరియా శిక్షణ కేంద్రం’ అని బోర్డు వేశారు. గోడల మీద ‘భయమా? ఆరియా!’ అని ఎర్ర రంగుతో రాయించారు. ప్రతి ఉదయం పనికి ముందు ముఠానంతా వరసలో నిలబెట్టి, మేస్త్రీ చేత గట్టిగా చెప్పించేవారు. వారంతా కలిసి గట్టిగా అనేవారు. ఫొటోలు తీయించారు. చెవిలో గుసగుసగా ఉన్న మాట మైదానంలో కేక అయింది. మేస్త్రీకి మొదట సిగ్గుగా ఉండేది. “భజన సేయిత్తన్నారు బాబూ నాసేత,” అనేవాడు. క్రమేణా నోటికి అలవాటైపోయింది.

ఒకనాడు నిచ్చెన మీద ఒకడు బిగుసుకుపోతే, కింద ఉన్న తోటివాడు ఉదయం నేర్పినట్టే గొంతెత్తి “ఆరియా! ఆరియా!” అన్నాడు. వేరే పని మీద నడుస్తున్న వించ్ తాడు వదిలింది. గాలిలో ఉన్న ఉక్కు పలక బెత్తెడు దిగి, బ్రేకు పడి ఆగింది. దాని కింద ఎవరూ లేరు.

వించ్ నడిపేవాడు గోదావరి వైపు మనిషి. వించ్ ఆపేసి నా దగ్గరకు వచ్చాడు.

“నాకున్నయ్యే రెండు మాటలండి. అందులో ఒకటి మీ క్లాసోళ్ళు పట్టికెళ్ళిపోయారండి. ఇంక నేను దేంతో పన్జెయ్యనండి?”

ఆ రోజే ప్రాజెక్టు మేనేజరు గదిలో సమావేశం పెట్టించాను. పద్ధతికి వేరే పేరు పెట్టండి, ఏదైనా సరే, వించ్‌కు తెలిసిన మాట మాత్రం వద్దు అన్నాను. ఒక సంజ్ఞకు రెండు అర్థాలుంటే అది సంజ్ఞే కాదని కూడా అన్నాను.

న్యాయాధికారి శాంతంగా విన్నాడు. “మీరు చెప్పేది నిజమేనండీ. కానీ వాయిదా దగ్గరలోనే ఉంది. ఈ స్థితిలో మనం పేరు మారిస్తే, అది వాళ్ళదని ఒప్పుకున్నట్టే. కారణమేమని కోర్టు అడిగితే, ఆ పేరు ప్రమాదకరమని మన భద్రతా ఇంజనీరే అన్నాడని చెప్పమంటారా? తీర్పు రానివ్వండి. మర్నాడే మార్చేద్దాం.”

మేనేజరు మధ్యేమార్గం అడిగాడు. మధ్యేమార్గం నేనే సూచించాను. వించ్ నడిచే షెడ్డులో గోడ రాతలు చెరిపేయాలి. ఆ షెడ్డులో సంజ్ఞ ఇచ్చేవాడు తప్ప మరెవ్వరూ ఆ మాట పలకకూడదు. అందరికీ నచ్చింది. మేస్త్రీ తన ముఠాకు స్వయంగా చెప్పాడు: “షెడ్డులోన ఎవుడైనా ఆ మాటన్నాడంటే పళ్ళు రాలగొడతాను.” ఎవరూ అనలేదు. నియమం అక్షరాలా అమలైంది. చివరి రోజున కూడా దాన్ని ఎవరూ ఉల్లంఘించలేదు.

చివరి రోజు వాయిదాకు ముందటి వారంలో వచ్చింది. మధ్యాహ్నం నుంచి సముద్రపు గాలి తిరిగింది. ఒక దూలాన్ని పైకి లాగుతున్నాం. ఒక కొస స్తంభానికి చేరి, తాత్కాలికంగా ఒక్క బోల్టు మీద నిలిచింది. రెండో కొసను రంధ్రాల దగ్గరకు తెచ్చి ఆపాం. అది ఇంకా వించ్ తాడు మీదనే ఉంది. ఆ కొస దగ్గర స్తంభం మీద ఒక ఫిట్టరు కూర్చుని ఉన్నాడు. నడివయసువాడు, నెమ్మదైన మనిషి, ముఠాలో పాతవాడు. బెల్టు కొక్కేన్ని స్తంభానికి తగిలించాలి. దూలాన్ని అందుకోవడానికి ముందుకు వంగాలంటే బెల్టు పొడవు చాలక, అతడు దాన్ని దూలానికే తగిలించుకున్నాడు. ఎత్తున పనిచేసే పాతవాళ్ళు చేసే తప్పే అది. కదిలేదానికి కొక్కెం తగిలించకూడదని చెబుతూనే ఉంటాం. ఆగి ఉన్నదాన్ని చూస్తే అది కదలదనిపిస్తుంది.

సంజ్ఞ ఇస్తున్నది మేస్త్రీ, గాలి వల్ల దాన్ని మధ్యలో అందుకుని వించ్‌కు చేరవేయడానికి ఒకణ్ణి పెట్టాం. నేను అతనికి కాస్త వెనక నిలబడి ఉన్నాను.

గాలి ఒక్కసారిగా విసిరింది. దూలం ఊగింది. ఫిట్టరు బిగుసుకుపోవడం కింది నుంచే కనిపించింది. రెండు చేతులూ దూలాన్ని పట్టుకుని, తల దించి, కదలకుండా ఉండిపోయాడు. ఎక్కి వెళ్ళే వ్యవధి లేదు. మేస్త్రీ రెండడుగులు ముందుకు వేసి, తల పైకెత్తి, ఉదయపు శిక్షణలో అనే గొంతుతోనే అరిచాడు.

“బావా! ఏటీ అవదు! ఆరియా బావా, ఆరియా!”

గాలి వల్ల అన్ని మాటలూ చేరలేదు. మధ్యలో ఉన్నవాడికి సంజ్ఞ ఇచ్చేవాడి గొంతు వినిపించింది, ఆ గొంతులో ఆరియా వినిపించింది. అతడు ఆలోచించలేదు. ఆలోచించవద్దని మేమే నేర్పాం. వించ్ తాడు వదిలింది.

మిగిలినది సాంకేతికంగా చెప్పడం తేలిక. కొస దిగింది, ఒక్క బోల్టు తెగింది, దూలం పక్కకు తిరిగి పడింది, కొక్కెం దానితో పాటు మనిషిని తీసుకుపోయింది. ఇంతకంటే చెప్పను. మేస్త్రీ నేల మీద పరుగెత్తుతూ, చేతులు పైకెత్తి, హబీస్, హబీస్ అని అరుస్తూనే ఉన్నాడు. మధ్యనున్నవాడు దాన్ని కూడా అందించాడు. ఏమీ లేని తాడు ఖాళీగా పైకి పోయింది.

ఆ ఫిట్టరు మేస్త్రీకి నిజంగానే బావ, సొంత చెల్లెలి భర్త. ఇన్నాళ్ళూ అందరూ అందరినీ పిలిచే పిలుపనుకున్నాను. ఆ సాయంత్రం పెద్దాసుపత్రి వరండాలో ఒక స్త్రీ మేస్త్రీ చొక్కా పట్టుకుని, “అన్నా, నువ్వు కిందనే ఉన్నావు గదా, నువ్వుండగా ఎలగ పడ్డాడ్రా?” అని అడుగుతూ ఉండగా తెలిసింది.  మేస్త్రీ చెవి వెనక చుట్ట లేదు.

ద్వారకా నగర్ మాస్టారు కూడా వచ్చాడు. లోపలికి రాలేదు. గేటు దగ్గర నన్ను ఆపి, “పేరుకు కాపలా ఉండాలన్నాను. ఎవరి నుంచి కాపాడాలో నాకూ తెలియదండీ,” అని వెళ్ళిపోయాడు.

తరువాతి వారం వాయిదాలో ఆయన లాయరు లేచి, తన క్లయింటుకు ఆ పేరుతో ఇక పనిలేదని, దరఖాస్తు కూడా ఉపసంహరించుకుంటున్నాడని విన్నవించాడు. మా న్యాయాధికారి పక్కనున్న లాయరు లేచి, తన క్లయింటుకూ ఆ పేరు మీద ఎలాంటి హక్కూ అక్కర్లేదన్నాడు. జడ్జిగారు కేసు మూసేశారు. అంతకాలం ఇద్దరూ నాదంటే నాదని పోట్లాడుకున్న పేరు, కొద్ది నిమిషాల్లో ఎవరిదీ కాకుండా పోయింది. మర్నాడు గోడలకు సున్నం వేశారు. పేరు మార్చడం అంత సులువు.

పెద్దకర్మ అయ్యాక మేస్త్రీ పనికి వచ్చాడు. ప్రమాదం మీద వాంగ్మూలం రాసి పై అధికారులకు పంపవలసినవాణ్ణి నేను. సైటు ఆఫీసులో ఎదురుగా కూర్చోబెట్టి, జరిగినది చెప్పించుకుని రాస్తూ వచ్చాను. ఒక చోట ఆగిపోయాను. వించ్‌కు అందిన సంజ్ఞ ఎవరిది అని రాయాలి. అతడు ఇచ్చింది సంజ్ఞ కాదు. మధ్యలో ఉన్నవాడు సొంతంగా ఏదీ ఇవ్వలేదు. వించ్ నడిపేవాడు విన్నదే చేశాడు. నియమం ప్రకారం ఎవరి తప్పూ లేదు. నియమం రాసింది నేను. 

మేస్త్రీయే అడిగాడు.

“ఏటి బాబూ, ఆగిపోనారు?”

“ఆ మాట ఎవరిదని రాయాలో తెలియడం లేదు.”

“దానికే గదా కోర్టుకెల్లారు,” అన్నాడు. గొంతులో ఎత్తిపొడుపు లేదు, నిజంగానే అడుగుతున్నాడు. “ఎవులిదని తేల్చేరు బాబూ?”

“తేల్చలేదు. ఎవరికీ అక్కర్లేదన్నారు.”

అతడు తన అరచేతుల వైపు చూసుకున్నాడు.

“అయితే నాదని రాసీండి,” అన్నాడు.

రాశాను.